లోకల్ చానల్‌లో రెండు పార్టీలకూ సమాన సమయం ఇవ్వాలా? వాక్ స్వాతంత్ర్యం మనకి ఎంతవరకు?

ఈ ప్రశ్న అడిగిన తమ్ముడిది శ్రీకాకుళం జిల్లాలో ఒక చిన్న పట్టణం. అక్కడి కేబుల్ లోకల్ చానల్‌లో వార్తల పని చూసుకుంటాడు. మంచినీళ్ల సరఫరా మీద ఒక కథనం వేస్తే అధికార పార్టీ వాళ్లు వచ్చి "బ్యాలెన్స్ లేదు, కలెక్టర్‌కి ఫిర్యాదు చేస్తాం" అన్నారట. అదే వారం ప్రతిపక్షం వాళ్లు వచ్చి "మంత్రిగారి పర్యటన పది నిమిషాలు వేశారు, మా ప్రెస్‌మీట్ నిమిషంన్నరకి కుదించారు" అని గొడవ పెట్టారట. విసిగిపోయిన ఓనర్ "ఇకనుంచి గడియారం పెట్టుకుని ఇద్దరికీ సమానంగా వెయ్యండి, లేదంటే ఇద్దరివీ మానేయండి" అన్నాడు. చట్టం నిజంగా సమాన సమయం ఇవ్వమంటుందా, వాక్ స్వాతంత్ర్యం మాకు వర్తించదా, ఆదివారం పెట్టబోయే డిబేట్ ఎలా నడపాలి అన్నవి అతని సందేహాలు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ప్రైవేటు చానల్ నిమిషాలు లెక్కపెట్టి రెండు పార్టీలకూ సమానంగా ఇవ్వాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పడం లేదు. అయితే లోకల్ కేబుల్ వార్తలు సమతూకంగా, నిష్పాక్షికంగా ఉండాలన్న మాట ప్రభుత్వ ఉత్తర్వుల్లో ఉంది. దాన్ని చూడాల్సిన జిల్లా కమిటీ కూడా ఉంది. కాబట్టి ఫిర్యాదు వస్తే మీరు చూపించాల్సింది గడియారం లెక్క కాదు. ఎవరిమీద ఆరోపణ వేశారో వాళ్ల జవాబు అడిగారా, వచ్చిన జవాబు వేశారా అన్నది చూపించాలి. ఓనర్ చెప్పిన పద్ధతికి వెళ్తే మీ బులెటిన్ రెండు పార్టీల నోటీసు బోర్డు అవుతుంది. ఊరి సంగతులకి చోటు మిగలదు.

నా సంగతి రెండు ముక్కల్లో. చాలాకాలం ఆకాశవాణికి జిల్లా పార్ట్‌టైమ్ కరెస్పాండెంట్‌గా వార్తలు పంపాను. తర్వాత విజయనగరంలో ఒక లోకల్ చానల్ న్యూస్ డెస్క్ చూశాను. ఇప్పుడు కొత్తగా ఫీల్డ్‌కి వచ్చే కుర్రాళ్లకి పని నేర్పుతున్నాను. ఇదంతా డెస్క్ మనిషిగా చెబుతున్న మాట. నోటీసు చేతికి వస్తే మాత్రం లాయర్‌ని కలవాల్సిందే.

ముందు హక్కు సంగతి. రాజ్యాంగం 19(1)(ఎ) కింద భావప్రకటన స్వేచ్ఛ ఉంది. 19(2) కింద ప్రభుత్వం దానికి సహేతుకమైన పరిమితులు పెట్టొచ్చు. అయితే అక్కడ రాసిన కారణాలకే పెట్టాలి: దేశ సార్వభౌమత్వం, సమగ్రత, భద్రత, విదేశాలతో స్నేహం, శాంతిభద్రతలు, సభ్యత, నైతికత, కోర్టు ధిక్కారం, పరువు నష్టం, నేరానికి పురిగొల్పడం. ఈ జాబితాలో "ఒక పార్టీని ఎక్కువ విమర్శించారు" అన్న కారణం లేదు. 2023 ఏప్రిల్‌లో మలయాళ చానల్ మీడియా వన్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది. ప్రభుత్వ విధానాలని విమర్శించడం లైసెన్సు నిరాకరించడానికి కారణం కాదని, దేశ భద్రత అనే మాటని గాల్లోంచి తెచ్చి వాడకూడదని ఆ తీర్పు సారాంశం.

ఇంకో తీర్పు ప్రతి న్యూస్ డెస్క్‌లోనూ గుర్తుపెట్టుకోవాలి. 1995 ఫిబ్రవరిలో క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ కేసు. మ్యాచ్ ప్రసారం దగ్గర మొదలైన తగాదా అది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు అక్కడ చెప్పింది. మన తెలుగువాడైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి అందులో విడిగా తీర్పు రాశారు. ప్రసార మాధ్యమం ప్రభుత్వం గుప్పిట్లో ఉండకూడదు, అలాగని డబ్బున్న కొద్దిమంది ప్రైవేటు వాళ్ల గుప్పిట్లోకీ పోకూడదు అన్నది ఆయన ఆలోచన. చూసేవాళ్లకి రకరకాల అభిప్రాయాలు అందడం కూడా ఆ స్వేచ్ఛలో భాగమే. ఓనర్‌కి మాట్లాడే హక్కు ఉన్నట్టే, మీ పట్టణంలో సాయంత్రం టీవీ పెట్టుకుని కూర్చునే ఆవిడకి తెలుసుకునే హక్కు ఉంది. బ్యాలెన్స్ అనేది ఆవిడ కోసం పాటించాలి. పార్టీల కోసం అనుకున్నప్పుడే గడియారం గొడవ మొదలవుతుంది.

ఇక మీ చానల్‌కి నేరుగా వర్తించేవి. 1995 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ చట్టం, దాని కింద 1994 రూల్స్‌లోని 6వ రూల్. ప్రోగ్రామ్ కోడ్ అంటాం కదా, అది ఇదే. మతాల మీద, కులాల మీద దాడి, అశ్లీలం, పరువు తీసే మాటలు, కావాలని చెప్పే అబద్ధాలు, సగం నిజాలు, హింసకి రెచ్చగొట్టడం, కోర్టు ధిక్కారం లాంటివి ఉండకూడదని అందులో ఉంది. పార్టీలకి సమాన సమయం అనే మాట అందులో ఎక్కడా లేదు.

అయితే 2008లో కేంద్ర సమాచార ప్రసార శాఖ జిల్లా స్థాయి మానిటరింగ్ కమిటీల గురించి ఒక ఉత్తర్వు ఇచ్చింది. కలెక్టర్ అధ్యక్షులు, ఎస్పీ, జిల్లా పౌరసంబంధాల అధికారి సభ్యులు, ఇంకా మహిళా కాలేజీ ప్రిన్సిపాల్, స్వచ్ఛంద సంస్థల వాళ్లు ఉంటారు. కేబుల్ ఆపరేటర్లు వేసే లోకల్ వార్తలు స్థానిక సంఘటనల సమాచారానికే పరిమితం కావాలని, సమతూకంగా, నిష్పాక్షికంగా ఉండాలని, ఏ వర్గాన్నీ నొప్పించేలా, రెచ్చగొట్టేలా ఉండకూడదని, అది చూసే పని ఈ కమిటీదని ఆ ఉత్తర్వులో ఉంది. పెద్ద శాటిలైట్ చానళ్లకి ఇంత సూటిగా లేని షరతు మన చిన్న లోకల్ చానళ్లకి ఉంది. అందుకని "కలెక్టర్‌కి ఫిర్యాదు చేస్తాం" అన్న బెదిరింపుని కొట్టిపారేయొద్దు. భయపడి కథనాలు మానేయనూ వద్దు.

ఫిర్యాదు నిజంగా వెళ్తే ఏమవుతుంది? చట్టం కింద కలెక్టర్, సబ్‌డివిజనల్ మేజిస్ట్రేట్, పోలీస్ కమిషనర్ అధీకృత అధికారులు. కోడ్‌కి విరుద్ధమైన ప్రసారాన్ని, మత, కుల, భాషా వర్గాల మధ్య ద్వేషం పెంచేదాన్ని వాళ్లు ఆపమనొచ్చు. ఇదివరకు ఈ చట్టం కింద మొదటిసారికి 2 ఏళ్ల దాకా, మళ్లీ చేస్తే 5 ఏళ్ల దాకా జైలు శిక్ష కూడా ఉండేది. 2023లో జన్ విశ్వాస్ చట్టంతో అది తీసేశారు. ఇప్పుడు సలహా, హెచ్చరిక, మందలింపు, జరిమానా అనే మెట్లున్నాయి. ఈ మార్పు తెలియక చాలామంది స్ట్రింగర్లు (ఊళ్ల నుంచి వార్తలు పంపే పార్ట్‌టైమ్ విలేకరులు) "లోపలేస్తారు" అన్న మాటకి హడలిపోతున్నారు. పరువు నష్టం కేసు వేరు, అది ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద వస్తుంది. ప్రజాప్రయోజనం కోసం చెప్పిన నిజం దానికి మినహాయింపు. నిజమని చూపించే కాగితం మీ దగ్గర ఉండాలి, అంతే.

ఇంకో మాట, 2022 నవంబరులో ప్లాట్‌ఫామ్ సర్వీసుల, అంటే కేబుల్ ఆపరేటర్ సొంతంగా నడిపే చానళ్ల మార్గదర్శకాలు వచ్చాయి. లోకల్ వార్తలు వేయాలంటే ఆపరేటర్ కంపెనీగా రిజిస్టర్ అయి ఉండాలి, తెర మీద "ప్లాట్‌ఫామ్ సర్వీసెస్" అని కనబడాలి, ప్రసారమైన ప్రతి కార్యక్రమం రికార్డింగు 90 రోజులు దాచాలి. మీ ఎమ్మెస్వో (మీకు కేబుల్ సిగ్నల్ ఇచ్చే పెద్ద ఆపరేటర్) ఇవన్నీ పాటిస్తున్నాడో లేదో ఈ వారమే అడగండి. బ్యాలెన్స్ లేదని వచ్చిన ఫిర్యాదు చివరికి రికార్డింగు లేదన్న దగ్గర చిక్కుకోవడం మా వైపు జరిగింది. కథనంలో తప్పేమీ లేకపోయినా చూపించడానికి ఏమీ లేక ఆ చానల్ వాళ్లు నానా తిప్పలూ పడ్డారు.

సమాన సమయం అనే ఆలోచన మనకి ఎక్కడినుంచి వచ్చిందంటే, ఎక్కువగా ఆకాశవాణి, దూరదర్శన్ నుంచి. అవి ప్రజల డబ్బుతో నడిచేవి. 1990 నాటి ప్రసార భారతి చట్టం 12వ సెక్షన్ వాటికి ఒక బాధ్యత పెట్టింది. పౌరులకి స్వేచ్ఛగా, నిజాయితీగా, నిష్పాక్షికంగా సమాచారం అందాలి, భిన్నాభిప్రాయాలు కూడా అందులో ఉండాలి, సంస్థ తన సొంత అభిప్రాయాన్నో సిద్ధాంతాన్నో ప్రచారం చేయకూడదు. ఎమర్జెన్సీలో రేడియో ఎలా నడిచిందో చూసిన దేశం కాబట్టి ఈ బాధ్యతని చట్టంలో రాసుకుంది. 1977 ఎన్నికల నుంచి గుర్తింపు పొందిన పార్టీలకి రేడియోలో ప్రసంగించే సమయం ఇస్తున్నారు. 1998 నుంచి దూరదర్శన్‌తో కలిపి ఇప్పటి పద్ధతి నడుస్తోంది. అక్కడ కూడా అందరికీ ఒకే లెక్క ఉండదు. కొంత సమయం అందరికీ సమానంగా ఇస్తారు, మిగతాది కిందటి ఎన్నికల్లో వచ్చిన ఓట్లని బట్టి పంచుతారు.

ఆ పద్ధతికి మరో పార్శ్వం కూడా ఉంది. ప్రసంగ పాఠం ముందే ఇవ్వాలి. 2024 ఎన్నికల్లో సీపీఎం నాయకుడు సీతారాం ఏచూరి ప్రసంగంలో కొన్ని మాటలు తీసేయమన్నారు, అది పెద్ద వివాదమైంది. సమయం సమానంగా పంచినా, ఏం మాట్లాడాలో ఇంకొకరు దిద్దితే స్వేచ్ఛ తరిగిపోతుంది. నేను ఆకాశవాణికి వార్తలు రాసినప్పుడు వ్యక్తుల్ని పేరుపెట్టి విమర్శించకూడదన్న కోడ్ ఉండేది. వార్త శుభ్రంగా ఉండేది, ఎవరికీ కోపం వచ్చేది కాదు. కానీ ఫలానా పని ఎవరివల్ల ఆగిందో శ్రోతకి తెలిసేది కాదు. ప్రైవేటు చానల్‌కి ఆ సంకెళ్లు లేవు. మీ కథనం "అధికారులు స్పందించాలి" అని ముగియక్కర్లేదు. ఏ అధికారి స్పందించాలో చెప్పొచ్చు.

1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో 39ఎ అనే సెక్షన్ ఉంది, 2003లో చేర్చారు. కేబుల్ టీవీలో, ఇతర ఎలక్ట్రానిక్ మీడియాలో పార్టీలకి సమయం సముచితంగా పంచాలన్నది దాని ఉద్దేశం. ఆచరణలో అది ఆకాశవాణి, దూరదర్శన్‌ల దగ్గరే ఆగిపోయింది. ప్రైవేటు చానళ్లు ఆ సమయం ఇవ్వాల్సిన పరిస్థితి రాలేదు. మీ దగ్గరికి ఎవరైనా ఈ సెక్షన్ పట్టుకొచ్చి సమయం అడిగితే ఈ సంగతి చెప్పండి.

బయట దేశాల సంగతి కూడా క్లుప్తంగా. అమెరికాలో 1949 నుంచి 1987 దాకా ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ అనే నియమం ఉండేది. వివాదాస్పద విషయాల్లో భిన్నమైన వాదనలు వినిపించాలన్నారు కానీ నిమిషాలు సమానం చేయమనలేదు. బ్రిటన్‌లో ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నియమాలు ఇప్పటికీ వార్తలు నిష్పాక్షికంగా ఉండాలంటాయి. అక్కడ కూడా విషయాన్ని బట్టి తూకం ఉంటుంది, ప్రతి వాదనకీ ఒకే కొలత పెట్టరు. గడియారం పద్ధతి మీద ఈ పని బాగా తెలిసినవాళ్లెవరికీ నమ్మకం లేదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించే సంగతికి వస్తాను. రెండు పార్టీల మధ్య బ్యాలెన్స్ కుదిరినా ఆ విషయంలో బ్యాలెన్స్ కుదిరినట్టు కాదు. మన జిల్లాల వాళ్లకి ఇది సోంపేట ఒక్కటి తలుచుకుంటే అర్థమవుతుంది. బీల ప్రాంతంలో 2,640 మెగావాట్ల థర్మల్ ప్లాంటు వస్తుందన్నారు. అది పనికిరాని బీడు భూమి అని ఒక వాదన. నీళ్లు నిలిచే చిత్తడి నేల, దాని మీదే మా సేద్యం, మా చేపల వేట అని రైతులు, మత్స్యకారులు. 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్లాంటుకి ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఆ రోజుల్లో ఒక పార్టీ నాయకుడి బైటు (కెమెరా ముందు చెప్పిన మాట), ఇంకో పార్టీ నాయకుడి బైటు సమానంగా వేసి బులెటిన్ ముగించిన డెస్కులున్నాయి. గడియారం ప్రకారం చూస్తే అంతా సక్రమమే. కానీ బీలలో నీళ్లున్నాయా లేవా అన్నది కెమెరా పట్టుకెళ్లి చూపిస్తే తేలిపోయే సంగతి. అది చూపించని బులెటిన్‌లో ఎంత బ్యాలెన్స్ ఉన్నా చూసేవాడికి అందింది సున్నా.

ఉద్దానం కిడ్నీ జబ్బు విషయంలో కూడా ఇదే చూస్తున్నాను. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి మొదలయ్యాయి. మా హయాంలో కట్టాం అని ఒకరు, మేం మొదలుపెట్టిన పనులే అని ఇంకొకరు. ఇద్దరికీ చెరో రెండు నిమిషాలు ఇస్తే పార్టీ బ్యాలెన్స్ అయిపోతుంది. కవిటి నుంచో వజ్రపుకొత్తూరు నుంచో డయాలసిస్‌కి వచ్చే మనిషికి కావాల్సింది వేరు: వారానికి ఎన్నిసార్లు బెడ్ దొరుకుతోంది, డాక్టర్ ఉంటున్నారా, బస్సు ఛార్జీ ఎంతవుతోంది. ఆ మనిషి ఏ పార్టీ తరఫునా మాట్లాడరు. అందుకే గడియారం లెక్కలో ఆ మనిషికి సెకను కూడా రాదు. మీ ఓనర్‌కి ఈ ఒక్క ఉదాహరణ చెప్పి చూడండి.

ఇదే విషయంలో ఇంకో జాగ్రత్త. ఆ జబ్బుకి కారణం ఇదీ అని నిపుణులు ఒక్క మాట మీదకి రాలేదు. నీళ్లు, పురుగుమందులు, ఎండలో పని, వంశపారంపర్యం అని రకరకాల అనుమానాలు ఉన్నాయి. ఇలాంటిచోట నాలుగు వాదనలూ వినిపించడం సరైన పని. తేలిపోయిన విషయంలో మాత్రం, ఉదాహరణకి పిల్లల టీకాలు పనిచేస్తాయా అన్నదాంట్లో, ఒక డాక్టర్‌నీ ఒక నాటు వైద్యుణ్ణీ పక్కపక్కన కూర్చోబెట్టి సమాన సమయం ఇస్తే జనానికి హాని చేసినట్టే. బ్యాలెన్స్ పేరుతో అబద్ధానికి కుర్చీ వేయకూడదు.

తిత్లీ తుపాను రోజుల్లో, అంటే 2018 అక్టోబరు తర్వాత, మా వాళ్లతో కలిసి ఉద్దానం వైపు వెళ్లాను. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. ఒక ఊళ్లో పరిహారం జాబితాలో తమ వాళ్ల పేర్లు తీసేశారని ఒక పార్టీ, అర్హులందరికీ వచ్చాయని ఇంకో పార్టీ. కుర్రాడు ఇద్దరి బైట్లూ తీసుకుని "బ్యాలెన్స్ అయిపోయింది సార్, పంపేద్దాం" అన్నాడు. ఆగమన్నాను. పంచాయతీ ఆఫీసులో అతికించిన జాబితా ఫొటో తీసుకుని, అందులోని పేర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. కొందరి పేర్లు నిజంగానే లేవు. వాళ్లలో రెండు పార్టీల వాళ్లూ ఉన్నారు. ఎక్కువమంది కౌలు రైతులు, పట్టా వేరేవాళ్ల పేరుమీద ఉండటంతో వాళ్లు జాబితాకి ఎక్కలేదు. రెండు బైట్ల మధ్య అసలు వార్త దాక్కుని ఉంది. ఎవరు చెప్పింది నిజమో మీరు తేల్చగలిగినప్పుడు, తేల్చకుండా ఇద్దరి మాటా వేసి వదిలేయడం పని ఎగ్గొట్టడమే.

మంత్రిగారి పది నిమిషాలు, ప్రతిపక్షం నిమిషంన్నర అన్న ఫిర్యాదు దగ్గరికి వస్తాను. ఇందులో ప్రతిపక్షానికి కొంత న్యాయం ఉంది. అధికారంలో ఉన్నవాళ్లు శంకుస్థాపన చేస్తారు, చెక్కులు పంచుతారు, రివ్యూ పెడతారు. ప్రతిదీ కార్యక్రమమే, ప్రతిదానికీ విజువల్స్ ఉంటాయి. ప్రతిపక్షం దగ్గర ప్రెస్‌మీట్ తప్ప ఏమీ ఉండదు. వచ్చిన ఫుటేజి వచ్చినట్టు వేస్తే ఏ ప్రభుత్వం ఉన్నా బులెటిన్ అటే వాలుతుంది. మేం విజయనగరంలో ఏం చేశామంటే, పర్యటన వార్తలో ప్రజలకి పనికొచ్చే భాగం ఎంతో అంతే ఉంచాం. ఏ పని, ఎంత డబ్బు, ఎప్పటికి పూర్తి, ఇంతకుముందు ఇదే పనికి ఇచ్చిన మాట ఏమైంది. దండలు, శాలువాలు, సన్మానాలు తీసేశాం. పది నిమిషాల పర్యటన రెండున్నరకి వచ్చింది. ప్రతిపక్షం ప్రెస్‌మీట్‌కీ అదే కొలత: కొత్త ఆధారం ఉంటే వార్త, తిట్లు మాత్రమే ఉంటే స్క్రోలింగ్‌లో ఒక లైను. మొదట్లో ఇద్దరికీ కోపం వచ్చింది. కొలత ఇద్దరికీ ఒకటేనని కొన్నాళ్లకి వాళ్లకే అర్థమైంది.

ఎన్నికల సమయం వేరు, అప్పుడు జాగ్రత్త రెట్టింపు కావాలి. రాజకీయ ప్రకటనలు కేబుల్ టీవీలో వేయకూడదన్న రూలు మీద మన తెలుగు చానల్ జెమిని టీవీ కేసులోనే 2004 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది. అప్పటినుంచి ముందస్తు సర్టిఫికెట్ తీసుకుని వేయొచ్చు. జిల్లాలో ఎంసీఎంసీ, అంటే మీడియా సర్టిఫికేషన్, మానిటరింగ్ కమిటీ ఆ సర్టిఫికెట్ ఇస్తుంది. గుర్తింపు పొందిన పార్టీలు, పోటీలో ఉన్న అభ్యర్థులు ప్రసారానికి 3 రోజుల ముందు, మిగతావాళ్లు 7 రోజుల ముందు దరఖాస్తు పెట్టుకోవాలి. సర్టిఫికెట్ కాపీ చేతికి రాకుండా ఒక్క యాడ్ కూడా వేయొద్దు, తెలిసినవాళ్లదైనా సరే. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ కింద ఎన్నికల ప్రచార అంశాలేవీ టీవీలో చూపకూడదు. కొన్ని ఏజెన్సీ నియోజకవర్గాల్లో పోలింగ్ త్వరగా ముగుస్తుంది కాబట్టి అక్కడ ఈ లెక్క కూడా ముందే మొదలవుతుంది. మీ కేబుల్ అటువైపు వెళ్తుంటే చూసుకోండి. ఎగ్జిట్ పోల్స్ మీద నిషేధానికి 126ఎ ఉంది. ఒకే అభ్యర్థిని పొగుడుతూ వరుసగా వార్తలు వస్తే పెయిడ్ న్యూస్ (డబ్బు తీసుకుని వేసిన వార్త) కింద నోటీసు వస్తుంది, ఖర్చు ఆ అభ్యర్థి ఖాతాలో పడుతుంది, మీ చానల్ పేరు చెడుతుంది.

ఇక డిబేట్. లైవ్‌లో అతిథి నోరు జారితే ఎవరిది బాధ్యత అన్నది ఇప్పుడు అందరినీ పట్టుకున్న టెన్షన్. 2025 జూన్‌లో అమరావతి గురించి ఒక అతిథి చర్చలో అన్న మాటల మీద యాంకర్ కొమ్మినేని శ్రీనివాసరావుని కూడా అరెస్ట్ చేశారు. కొద్దిరోజుల్లోనే సుప్రీంకోర్టు ఆయన్ని విడుదల చేయమంది. అతిథి మాటకి యాంకర్ నవ్వినంత మాత్రాన నేరంలో భాగస్వామి అయిపోతాడా అన్న ధోరణిలో కోర్టు ప్రశ్నించింది. అదే సమయంలో, తన షోలో పరువు తీసే మాటలు తాను అనకూడదని, ఇతరుల్ని అననివ్వకూడదని షరతు కూడా పెట్టింది. రెండూ గుర్తుపెట్టుకోండి. అరెస్ట్ భయంతో డిబేట్ మానేయక్కర్లేదు, అతిథి ఏమన్నా నాకు సంబంధం లేదనీ అనుకోకూడదు.

నేను యాంకర్లకి చెప్పేది ఇది. ఎవరైనా ఒక కులాన్ని, మతాన్ని, ఆడవాళ్లని కించపరిస్తే వెంటనే మధ్యలోకి వెళ్లి "ఈ మాటతో చానల్ ఏకీభవించడం లేదు, ఉపసంహరించుకోండి" అని అడగండి. అడిగినట్టు రికార్డులో ఉండాలి. వినకపోతే మైకు తగ్గించండి. చిన్న చానల్‌కి అన్నిటికన్నా మంచిది లైవ్ పెట్టకుండా శనివారం రికార్డు చేసి ఆదివారం వేయడం. ఫోన్ కాల్స్ నేరుగా గాల్లోకి వదలొద్దు. రావాల్సినవాళ్లు రాకపోతే ఖాళీ కుర్చీ చూపించి ఎగతాళి చేయొద్దు. "ఫలానా రోజు ఫలానావారిని పిలిచాం, రాలేమన్నారు, వారి వివరణ ఎప్పుడు పంపినా వేస్తాం" అని మామూలు గొంతుతో చదవండి. ఆ ఒక్క వాక్యం చాలా ఫిర్యాదుల్ని మొదట్లోనే ఆపేస్తుంది.

చానల్‌ని కేబుల్‌లోంచి తీసేయిస్తాం అన్న బెదిరింపు గురించి కూడా చెప్పాలి. ఇది ఏ ఒక్క పార్టీ అలవాటూ కాదు. 2014లో తెలంగాణలో రెండు తెలుగు చానళ్లు కేబుల్‌లో ఆగిపోయాయి. 2019లో ఆంధ్రలో వేరే చానళ్లు ఆగితే టెలికాం, ప్రసార వివాదాల ట్రిబ్యునల్ టీడీశాట్ దాకా వెళ్లాయి. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక మళ్లీ ఇంకొన్ని ఆగిపోతే ఢిల్లీ హైకోర్టు పునరుద్ధరించమని ఆపరేటర్లని ఆదేశించింది. అధికారం ఎవరి చేతిలో ఉన్నా తమకి నచ్చని గొంతు కేబుల్‌లో ఆగిపోతోంది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. రిమోట్ చేతిలో ఉన్నవాడు ఛానల్ మార్చుకోవడం వేరు, వాడికి ఆ చానలే లేకుండా చేయడం వేరు. నిన్న ఆ చానల్ ఆగినప్పుడు సంతోషించినవాళ్లు రేపు తమ చానల్ ఆగితే ఏ మొహంతో అడుగుతారు? మీ దగ్గరికి "ఫలానా వాళ్ల వార్త వేయొద్దు" అని ఎవరైనా ఫోన్ చేస్తే కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వరు. అయినా తేదీ, సమయం మీ డైరీలో రాసుకోండి.

యూట్యూబ్‌లో కూడా మీ వార్తలు పెడుతుంటే అది కేబుల్ చట్టం కిందకి రాదు, 2021 ఐటీ రూల్స్ వర్తిస్తాయి. అక్కడ థంబ్‌నెయిల్ మీద పెట్టే హెడ్డింగే ఎక్కువ గొడవ తెస్తోంది. లోపల వార్త తూకంగా ఉన్నా పైన "దోచేశారు" అని రాస్తే పరువు నష్టం నోటీసు ఆ ఒక్క మాట మీద వస్తుంది.

ఇక మీ మంచినీళ్ల కథనం. రేపే సంబంధిత అధికారికి రాతపూర్వకంగా ప్రశ్నలు పంపండి: ఎన్ని రోజులకోసారి నీళ్లు ఇస్తున్నారు, మోటారు ఎప్పుడు పాడైంది, టెండరు ఏ దశలో ఉంది. వాట్సాప్‌లో పంపి, నీలం గీతలు వచ్చిన స్క్రీన్‌షాట్ దాచండి. జవాబుకి తగినంత గడువివ్వండి. వచ్చిన జవాబుని మొదటి కథనం ఏ బులెటిన్‌లో వేశారో అదే బులెటిన్‌లో, అంతే ప్రాముఖ్యంతో చదవండి. మొదటి కథనం, దాని ఆధారాలు, అధికారి జవాబు అడిగిన రుజువు, జవాబు వేసిన క్లిప్పు ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. కలెక్టరేట్ నుంచి పిలుపొస్తే ఆ ఫోల్డర్ తీసుకెళ్తే చాలు. ఆదివారం చర్చకి పార్టీకొకరిని పిలుస్తూనే, నీళ్ల విభాగం ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరుని), కథనంలో మాట్లాడిన వీధి నుంచి ఇద్దరు ఆడవాళ్లని కూడా పిలవండి. మొదటి ప్రశ్నకి జవాబు ఆ ఇద్దరి చేత చెప్పించండి. ఆహ్వానాలు శుక్రవారం లోపు వెళ్లిపోవాలి.